మొదటి ఏడాది ఒక్క గెలుపూ లేదు!



యూనిట్ టెస్ట్ మార్కులు చూసి బెంగపడుతున్నారా? అయితే అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ టామ్ లాండ్రీ గురించి చదవండి.

1960లో డాలస్ కౌబాయ్స్ అనే కొత్త జట్టుకు ఆయన కోచ్ అయ్యారు. మొదటి సీజన్‌లో 12 మ్యాచ్‌లు ఆడితే 11 ఓడిపోయారు, ఒకటి టై. తర్వాతి మూడేళ్లూ ఓటములే ఎక్కువ. అయినా 1964లో జట్టు యజమాని ఆయన్ని తీసేయలేదు. కాంట్రాక్టును మరో పదేళ్లు పొడిగించారు! 1966 నుంచి వరుసగా 20 సీజన్లు ఓటముల కంటే గెలుపులే ఎక్కువ. రెండు సూపర్ బౌల్ టైటిళ్లు కూడా వచ్చాయి.

మీ పాప, బాబు విషయంలోనూ తొందరపడి ట్యూషన్ మార్చకండి. "ఎన్ని మార్కులు?" అనే ముందు "ఏ పాఠం అర్థం కాలేదు?" అని అడగండి. ఆ జవాబు మాకూ చెప్పండి. అక్కడి నుంచి కలిసి మొదలుపెడదాం.