రక్తపరీక్ష – నమూనా సంరక్షణ

రక్తకణములు సజీవములు. దేహమును వీడి గొట్టమున చేరిన పిదపను అవి గ్లూకోజును గ్రహించుచునే యుండును. కావున కణములను వేరుచేయక గది ఉష్ణోగ్రతయందుంచిన నమూనాలో గ్లూకోజు గంటకు సుమారు 5 నుండి 7 శాతము తగ్గును. ఉదయము తీసిన రక్తమును మధ్యాహ్నము పరీక్షించినచో, మధుమేహమున్నను లేదని తేలవచ్చును. దీనిని అరికట్టుటకు సోడియం ఫ్లోరైడు గల గొట్టమును వాడుదురు. అయితే దాని ప్రభావము పూర్తిగా కలుగుటకు గంటకు పైగా పట్టును. కనుక నమూనాను మంచులోనుంచి, త్వరగా ప్లాస్మాను వేరుచేయుట మేలు.

పొటాషియము సంగతి వేరు. అది కణములలోపలనే అధికము. సీరమునందు లీటరుకు సుమారు 3.5 నుండి 5 మిల్లీమోలులు మాత్రమే యుండును. గొట్టమును బలముగా కుదిపినను, సన్నని సూదిద్వారా వేగముగా లాగినను కణములు చిట్లి పొటాషియము వెలికివచ్చును. కణములను వేరుచేయక శీతలపేటికలో నుంచినను ఇట్లే జరుగును. గ్లూకోజును కాపాడు చలియే పొటాషియము లెక్కను చెరచుచున్నది! ఆ తప్పుడు అంకెను నమ్మి, అక్కరలేని చికిత్స చేసినచో రోగి ప్రాణమునకే ముప్పు.

కావున ఏ పరీక్షకు ఏ గొట్టమో ముందుగా తెలిసికొనవలెను. రోగి పేరును, రక్తము తీసిన వేళను అతని యెదుటనే వ్రాయవలెను. యంత్రము గొట్టములోనున్న దానినే లెక్కించును. దేహములోనున్నది గొట్టమునందు మారకుండ కాపాడుట మన బాధ్యత.