చేపలో పురుగు కనిపించినచో పారవేయవలెనా?

మృగశిర కార్తె నాటికి చెరువులలో నీరు తగ్గి, పోచంపల్లి పరిసర గ్రామములలో చేపల వేట ముమ్మరమగును. కార్తె నాడు చేప తినుట మన ప్రాంతపు ఆచారము. తెచ్చిన కొర్రమీనును కోయునపుడు పొట్టలో ఎర్రని పురుగు కదలినచో, కొందరు భయపడి చేపనంతయు పారవేయుదురు. అమ్మినవారికి చెడ్డపేరు వచ్చును. మరికొందరు ఏమియు చూడక, పైపైన కాల్చిన చేపను తినివేయుదురు. ఈ రెండును పొరపాట్లే.

పురుగు ఎట్లు వచ్చును?

చేప కుళ్ళుటచేత ఈ పురుగు పుట్టదు. కొంగలు, నీటికాకులు మొదలగు పక్షుల కడుపులోని పురుగుల గ్రుడ్లు రెట్టతో నీటిలో పడును. పిల్ల పురుగులు నత్తలలో గాని, బురదలోని సన్నపురుగులలో గాని పెరిగి, పిదప చేపను చేరును. ఆ చేపను పక్షి తినినపుడు అవి మరల గ్రుడ్లు పెట్టును. కావున అప్పుడే వలలో పడిన చేపలోను పురుగు ఉండవచ్చును.

కొర్రమీను పొట్టలోను, కండలోను చుట్టుకొని ఉండు ఎర్రని దారము వంటిది ఒక రకము. కండలో సజ్జగింజవలె పసుపుపచ్చగా కనిపించునది మరియొకటి. పొట్టలో తెల్లని నాడావలె ఉండునది బద్దెపురుగు.

మనుష్యునకు హాని కలదా?

బాగుగా ఉడికినచో పురుగు చచ్చును; హాని లేదు. పచ్చిగా తిన్నచో ప్రమాదము. ఎర్రపురుగు మనుష్యుని ప్రేగులకు రంధ్రము చేసిన సందర్భములు విదేశములలో కలవు. పసుపు పురుగు జపాను, కొరియా దేశములలో పచ్చిచేప తిన్నవారి గొంతులో పట్టుకొనినది. థాయిలాండు, లావోసులలో పచ్చిచేపతో వచ్చు మరియొక పురుగు పిత్తనాళముల క్యాన్సరుకు కారణమగుచున్నది. హైదరాబాదులో మృగశిర నాడు ఉబ్బసమునకై ప్రాణమున్న కొర్రమీను పిల్లను మింగుట కలదు. నిప్పు తగలని చేప కనుక ఉడికిన చేపకు చెప్పిన ధైర్యము దానికి చెల్లదు.

పాటింపవలసిన విషయములు

1. చేప పట్టిన వెంటనే పొట్ట శుభ్రము చేయవలెను. ఆలస్యమైనచో కొన్ని పురుగులు ప్రేగుల నుండి కండలోనికి పోవును.

2. కనిపించిన పురుగును, దాని చుట్టునున్న కండను కోసి తీసివేయవలెను. కండనిండ పురుగులున్నచో ఆ చేపను వాడరాదు.

3. ముక్క నడిమి భాగమునకు 63 డిగ్రీల సెంటిగ్రేడు వేడి అందవలెను. కండ తెల్లబడి ముల్లు నుండి సులభముగా విడివడుట దీనికి గుర్తు. పులుసు బాగుగా మరిగినచో ఇది సిద్ధించును. నిప్పుల మీద కాల్చునపుడు పైన మాడి లోన పచ్చిగా ఉండకుండ చూడవలెను.

4. ఉప్పు, నిమ్మరసము, చింతపులుసు పట్టించినంత మాత్రమున పురుగు చావదు. గడ్డకట్టించి చంపవలెనన్న సున్నకు దిగువ 20 డిగ్రీలలో 7 దినములు ఉంచవలెను. ఇంటి ఫ్రిజ్ అన్నివేళల అంత చల్లగా ఉండదు.

5. చేప కోసిన కత్తిపీటను, చేతులను సబ్బుతో కడుగవలెను.

6. ప్రేగులను చెరువులో వేయరాదు. కుక్కలకు, పిల్లులకు పచ్చిగా పెట్టరాదు. గోతిలో పూడ్చవలెను.

కళ్ళు లోనికి పోయి, మొప్పలు నల్లబడి, దుర్వాసన వచ్చు చేప వేరు విషయము. పురుగు లేకున్నను దానిని తినరాదు. ఉడికించినను అది బాగుపడదు.

ఒక చెరువులో పెక్కు చేపలకు పురుగులు కనిపించినచో పంచాయతీ కార్యదర్శులు, మత్స్య సహకార సంఘమువారు కొన్ని చేపలను జిల్లా మత్స్యశాఖ అధికారికి చూపి సలహా పొందవలెను. పురుగును చూచి చేపను పారవేయనక్కర లేదు. దానిని తీసి, ముక్కను బాగుగా ఉడికించిన చాలును.