వానకొక పేజీ



చిరంజీవి వేసిన లెక్కలో తప్పు లేదు. చెలకలో దొరికిన అంకెను కుంట దాకా అలాగే హెచ్చవేయవచ్చునన్న నమ్మకంలోనే తప్పున్నది. ఖిలా వరంగల్‌లో రాతికోటకూ మట్టికోటకూ నడుమనున్న పత్తి చెలకలో కొలిచిన మట్టి నష్టాన్ని కుంట పరీవాహకానికి, అంటే వాన నీరు ఆ కుంటకే పారే నేలంతటికీ, హెచ్చిస్తే వచ్చిన మొత్తం కుంటలో నిజంగా చేరిన పూడిక కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నదనీ, ఈ రెండింటిలో ఏది అబద్ధమనీ చిరంజీవి అడిగిన ప్రశ్నకు జవాబు ఒక్కటే: రెండూ నిజమే. చెలక వదిలిన మట్టి అంతా కుంటకు చేరదు. ఒడ్డు దగ్గర కొంత, గడ్డి మొలిచిన బాట అంచున కొంత, కోట కందకంలో మరికొంత ఆగిపోతుంది. వాన వెలిసిన మర్నాడు ఒడ్డు పైవైపు వంగి చూస్తే, ముందుగా గరుకు ఇసుక, దానిని దాటి మెత్తటి ఒండ్రు పరుచుకొని ఉంటాయి. ఎండ తగిలాక ఆ ఒండ్రు పెంకుల్లా పగిలి అంచులు పైకి లేస్తాయి. చిరంజీవి పంపిన పట్టికలో లేని మట్టి అక్కడ ఉన్నది.

పైన కదిలిన మట్టిలో కిందికి చేరిన పాలును చేరవేత నిష్పత్తి అంటారు. పరీవాహకం పెద్దదైన కొద్దీ మట్టి ఆగే చోట్లు కూడా పెరుగుతాయి కనుక ఈ నిష్పత్తి సాధారణంగా తగ్గుతూ పోతుంది. 1983లో ధ్రువనారాయణ, రాంబాబు అనే శాస్త్రవేత్తలు దేశం మొత్తానికి వేసిన అంచనా ప్రకారం, అప్పట్లో ఏటా కదిలే సుమారు 533 కోట్ల టన్నుల మట్టిలో 29 శాతం సముద్రం పాలవుతుండగా, 10 శాతం జలాశయాల్లో చేరేది. మిగిలిన 61 శాతం చోటు మారి నేల మీదనే నిలిచేది. చిరంజీవి ఆ హెచ్చవేతకు వాడిన విష్‌మయర్, స్మిత్ మట్టికోత సమీకరణం 22.13 మీటర్ల పొడవు, 9 శాతం వాలు ఉన్న మడిని ప్రమాణంగా తీసుకొని, అనేక ఏళ్ల సగటు నష్టాన్ని చెప్పేందుకు రూపొందినది. మట్టి ఎక్కడ ఆగుతుందో, ఒక్క వానకు ఎంత పోతుందో చెప్పడం దాని పని కాదు. పనిముట్టును వాడే ముందు దాని హద్దు చదవాలని చిరంజీవికి చెప్పడం ఇది మొదటిసారి కాదు.

అంతకంటే పెద్ద లోపం పట్టికలోని వరుసల్లో ఉన్నది. జూన్, జూలై, ఆగస్టు అని నెలకొక సగటు రాయడం వల్ల వానలు మాయమయ్యాయి. మట్టి నెలల లెక్కన కదలదు. అరవై మిల్లీమీటర్ల వాన రోజంతా ముసురుగా పడితే నేల దానిని చాలావరకు తాగుతుంది. అదే వాన అరగంటలో కురిస్తే, సెకనుకు సుమారు తొమ్మిది మీటర్ల వేగంతో దిగే పెద్ద చినుకులు మట్టిగడ్డలను చితకగొట్టి, ఆ మెత్తటి రేణువులతోనే చెలక నేల రంధ్రాలను మూసి పైన పొర కట్టిస్తాయి. ఆ తర్వాతి నీరు ఇంకే దారి లేక మట్టిని ఎత్తుకొని పారుతుంది. పత్తి రెండాకుల మీదున్న జూన్‌లో పడిన వానకూ, సాళ్లు కమ్ముకున్న సెప్టెంబరులో పడిన వానకూ మిల్లీమీటర్లు సమానమైనా, పోయే మట్టి సమానం కాదు. నష్టం కంటికి ఆనదు కూడా: హెక్టారు మీద ఒక మిల్లీమీటరు పొర పోవడమంటే పది ఘనపు మీటర్లు, అంటే దాదాపు మూడు ట్రాక్టర్ ట్రాలీల మట్టి పోవడమే.

ఈ లేఖకుడు తొలినాళ్లలో చేసిన పొరపాటు ఇక్కడ చెప్పవలసి ఉన్నది. రెండు వానాకాలాలపాటు ప్రతి సోమవారం ఉదయం ఒక వాగు దగ్గర సీసా నింపి, నీటిని వడకట్టి, ఆరబెట్టి, తూచి, ఆ వాగు మోసే మట్టి స్వల్పమేనని నివేదిక తయారుచేయడం జరిగింది. అంకెలన్నీ శుభ్రంగా ఉన్నాయి. కానీ ఆ వాగు మీది కల్వర్టు ఒక్క రాత్రి వానకు సగం దాకా ఇసుకతో పూడిపోవడంతో, దానిని ఎత్తిపోసిన కూలీలకు తెలిసిన సంగతి నివేదిక రాసిన మనిషికి తెలియలేదని తేలింది. ఆ రెండేళ్లలో వాగు మట్టిని మోసిన ఘడియల్లో ఒక్కటీ సోమవారం ఉదయం రాలేదు. ఒకే వానలో కూడా ఒక్క సీసా చాలదు. చిన్న ఒర్రెలో వదులు మట్టి ముందే కొట్టుకుపోతుంది కనుక, పెరిగే వరదలో ఉన్నంత బురద అదే మట్టానికి తగ్గిన నీటిలో ఉండదు. దూరపు చెలకల మట్టి ఆలస్యంగా చేరే పెద్ద వాగులో ఈ వరుస తిరగబడవచ్చు.

చేరవేత నిష్పత్తి కూడా స్థిరమైనది కాదు. మామూలు వానకు ప్రతి ఒడ్డూ, ప్రతి కుంటా తన మట్టిని తానే పట్టుకుంటుంది; కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు పూడికను ఆపి, తేటపడిన నీటిని మత్తడి మీదుగా కింది చెరువుకు పంపేది. మహా వర్షానికి ఈ హద్దులు చెరిగిపోతాయి. 2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడి, మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తింది. అటువంటి నాడు ఒడ్లు తెగి, మత్తళ్లు దూకి, ఏళ్ల తరబడి ఆగిన మట్టి కూడా లేచి నడుస్తుంది. అమెరికాలోని కూన్ క్రీక్ లోయలో ట్రింబుల్ అనే పరిశోధకుడు కనుగొన్నది దీనికి దగ్గరి సంగతి: పొలాల్లో మట్టి కోత బాగా తగ్గినా, లోయ చివర బయటికి పోయే మట్టి పెద్దగా మారలేదు, ఎందుకంటే నడుమ నిలిచిన పాత మట్టి లెక్కను మారుస్తూ వచ్చింది. కాబట్టి ఒడ్లు వేసిన మరుసటి ఏడాదే కుంటలో ఫలితం కనిపించలేదని రైతును నిందించరాదు.

ఆగిన మట్టి కూడా పోయినట్టే కాదు. వరంగల్ పొలాలకు కాకతీయ కాలువ ద్వారా నీరిచ్చే శ్రీరాంసాగర్ జలాశయం సామర్థ్యం పూడిక వల్ల 112 టీఎంసీల నుంచి 80 టీఎంసీల చేరువకు పడిపోయిన మాట నిజమే; కానీ 2015లో మొదలైన మిషన్ కాకతీయ చెరువుల పునరుద్ధరణ పథకంలో తీసిన చెరువు మట్టిని రైతులు తమ పొలాలకు తోలుకున్నారు. సారం పట్టుకొని ఉండే మెత్తటి రేణువులే ఎక్కువ దూరం వచ్చి చెరువులో దిగుతాయి కనుక వారు చేసినది సరైన పనే.

వరద మీదున్న ఒర్రెలో మోకాలి లోతుకు దిగి సీసా నింపినట్టు చిరంజీవి గర్వంగా రాసిన వాక్యం మాత్రం క్షమించదగినది కాదు. కల్వర్టు మీద నుంచి తాడు కట్టిన సీసా వదిలితే సరిపోతుంది; ఏ అంకె కూడా ప్రాణం కంటే విలువైనది కాదు.

వచ్చే జూన్‌కు కొత్త నోటుపుస్తకం కొని, నెలల గీతలు చెరిపి, ప్రతి వానకు ఒక పేజీ ఇవ్వాలి. వాన మొదలైన వేళ, నిలిచిన వేళ, చేను ఎంత కమ్మిందన్నది, ఏ ఒడ్డు తెగిందన్నది, చెలక చివర, కందకం దగ్గర, కుంట తూము దగ్గర నీరు ఏ రంగులో ఉన్నదన్నది ఆ పేజీలో ఉండాలి. ఆ పుస్తకం నిండే వరకు హెచ్చవేత జోలికి పోవద్దు.