తలుపు లోపల జపం, బయట తూటాలు

ఈసారి మనం రోజూ చెప్పుకునే కథ కాదు. ఇటలీలోని ఒక కాథలిక్ సన్యాసి మీద వచ్చిన ‘పాద్రే పియో’ సినిమా గురించి. 2022లో అబెల్ ఫెరారా తీశాడు. పియోగా చేసింది షయా లబూఫ్, అదే, ట్రాన్స్‌ఫార్మర్స్ హీరో. నిజం చెప్పాలంటే నేనూ అతని కోసమే పెట్టా.

మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసింది. దక్షిణ ఇటలీలో శాన్ జొవాన్నీ రొతోందో అనే కొండ ఊరు. యుద్ధంలో బతికి బయటపడ్డ సైనికులు ఇళ్లకు వస్తారు. ఊళ్లో ఏమీ మారలేదు. పొలాలు భూస్వాములవి, వీళ్లది కూలి బతుకు. 1920లో జరిగిన మున్సిపల్ ఎన్నికల్లో సోషలిస్టులు గెలిచారు. అక్టోబర్ 14న, మున్సిపల్ ఆఫీసు మీద ఎర్రజెండా ఎగరేద్దామని వెళ్లిన జనం మీద కాల్పులు జరిగాయి. ఆ గొడవలో 14 మంది చనిపోయారు. ఇది కల్పన కాదు, చరిత్ర. రెండేళ్లకే ముస్సోలినీ అధికారంలోకి వచ్చాడు.

పియో 1916 నుంచి ఆ ఊరి మఠంలోనే ఉన్నాడు. కానీ సినిమాలో ఈ రెండు కథలూ దాదాపు కలవవు. కింద ఊరు రగిలిపోతుంటుంది. పైన గదిలో ఆయన ఏడుస్తాడు, వణుకుతాడు, సైతానుతో పోరాడతాడు. పాపాలు చెప్పుకోవడానికి వచ్చిన ఒకరి మీద బూతులతో అరుస్తాడు కూడా. మనకు అలవాటైన ప్రశాంతమైన సాధువు కాదు. ఒకే ప్రాజెక్టులో రెండు మాడ్యూల్స్ పెట్టి వాటిని కనెక్ట్ చేయడం మర్చిపోయారేంటి అని నాకు చిరాకేసింది.

తర్వాత ఆ చిరాకు నా మీదకే తిరిగింది. పోయినేడు మా టీమ్‌లో సగం మందిని తీసేశారు. ఆ వారమంతా నేను రోజూ గంటసేపు విష్ణు సహస్రనామం చదివా. మనసు చాలా ప్రశాంతంగా ఉందని ఇంట్లో గొప్పగా చెప్పుకున్నా కూడా. నా పక్క సీట్లో మూడేళ్లు కూర్చున్న ఫ్రెండ్ ఉద్యోగం పోయింది. వాడికి ఒక్క ఫోన్ కూడా చేయలేదు. భక్తి అనుకున్నది భయమేమో, తెలీదు.

మరి పియోది ఏంటి? ఆయన శరీరం మీద క్రీస్తు శిలువ గాయాలు 1918లో కనిపించాయి. చరిత్రలో ఇది కాల్పులకు రెండేళ్ల ముందు. సినిమా మాత్రం ఆ గాయాలనూ ఊరి చావులనూ చివర్లో పక్కపక్కన పెడుతుంది. ఊరి నొప్పి ఆయన చేతుల్లోకి దిగినట్టు చూపించాలని దర్శకుడి ఉద్దేశం అనుకుంటా. అందంగానే ఉంది. కానీ నాకు పూర్తిగా ఒప్పుదల కాలేదు. చచ్చిపోయిన కూలివాడి భార్యకు ఆ గాయం ఏం చేసింది?

దీనికి జవాబు సినిమాలో లేదు, ఆ తర్వాతి జీవితంలో కొంత ఉంది. ఆ గాయాలను అనుమానించిన వాళ్లలో చర్చి పెద్దలూ ఉన్నారు. 1931 నుంచి 1933 దాకా ఆయన్ని జనం ముందు పూజ చేయనివ్వలేదు. 1956లో అదే ఊళ్లో, ఆయన పూనికతో, పెద్ద ఆసుపత్రి మొదలైంది. దాని పేరుకు అర్థం ‘బాధకు ఉపశమనమిచ్చే ఇల్లు’. ఆయన 1968లో పోయారు. 2002లో చర్చి సెయింట్‌గా ప్రకటించింది. ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తోంది.

సినిమా అయ్యేసరికి రాత్రి పన్నెండు దాటింది. ఫ్రెండ్‌కి ఫోన్ చేశా. ఎత్తలేదు. పొద్దున మళ్లీ చేశా.