కాయకము – యంత్రము – న్యాయభాగము

కాయకమనగా కేవలము పొట్టకూటికై చేయు పని కాదు. సత్యశుద్ధమైన శ్రమయు, దాని ఫలమును పదిమందికి పంచు దాసోహమును కూడినపుడే యది కాయకమనిపించుకొనును. ఈ దృష్టితో నేటి యంత్రములను, ప్రభుత్వ విధానములను పరిశీలింపవలసియున్నది. యంత్రమెంత వేగముగా పనిచేయునను విషయముకంటె, ఎవరి భారమును తగ్గించి, ఎవరికి ఫలము నిచ్చుచున్నదన్న విషయము ముఖ్యము. జేడర దాసిమయ్య చేసిన నేతవృత్తియే ఇందుకు చక్కని ఉదాహరణము.

పోచంపల్లి పట్టుచీరను నేయుటకు ముందే నూలునకు రంగు లద్దుదురు. అందులకై పేకనూలును ఆసు పోయవలెను. అర్ధచంద్రాకారముగా మేకులు నాటిన చట్రమే ఆసు. ఒక్క చీరకు చేతిని సుమారు 9,000 మారులు అటునిటు ఆడింపవలెను. రెండు చీరలైనచో 18,000 మారులు. ఈ పని చాలవరకు ఇంటి స్త్రీలదే. ఏండ్లు గడచుకొలది భుజము లరిగి, నొప్పి వారికి నిత్యసహచరి యగును.

ఆలేరు సమీపమున శారాజీపేట గ్రామవాసి చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడు ఈ బాధను చూచి, ఏండ్ల తరబడి ప్రయత్నించి, 1999లో ఆసుయంత్రమును సిద్ధము చేసెను. బాల్యముననే బడి మానిన ఆ నేతబిడ్డ తన యంత్రమునకు తల్లి పేరే పెట్టెను. చేతితో నాలుగైదు గంటలు పట్టు పని గంటన్నరలో ముగియసాగెను. 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారము లభించినది.

ఈ యంత్రము మగ్గమును తొలగింపలేదు. నేతగాని నైపుణ్యమును హరింపలేదు. శరీరమును కృశింపజేయు భాగమును మాత్రమే తాను స్వీకరించినది. మిగిలిన కాలము నేతకో, విశ్రాంతికో, బిడ్డల చదువునకో ఉపయోగపడును. కాయకమునకు అనుకూలమైన యంత్రమిట్టిది.

మరమగ్గము సంగతి వేరు. అది అనేక రెట్లు వేగముగా నేయును. దానిపై పనిచేయువాడును శ్రామికుడే. అతని కాయకమును నిందింపరాదు. కాని మరమగ్గపు బట్టను, అచ్చుగుద్దిన నకలును చేనేతయని అమ్మినపుడు ఇరువురికి అన్యాయము జరుగుచున్నది: కొనువాడు మోసపోవును, నేతగాడు కూలి కోల్పోవును. అసత్యము చేరిన చోట కాయకము లేదు.

ఇచ్చటనే ప్రభుత్వ విధానముయొక్క అవసరము కలుగును. 1985లో పార్లమెంటు చేసిన చట్టము ననుసరించి కొన్ని రకముల వస్త్రములు చేనేతకే ప్రత్యేకింపబడినవి. మొదట 22 రకములుండగా, తరువాత వానిని 11కు తగ్గించిరి. నిర్దిష్ట లక్షణములు గల చీరలు, ధోవతులు, తువ్వాళ్లు, లుంగీలు వీనిలోనివి. కొనువారు గుర్తించుటకై 2006లో చేనేత ముద్రను ప్రవేశపెట్టిరి. అయినను తనిఖీ లేని చట్టము కాగితముపై గీతయే. అట్లే యంత్రమెంత మంచిదైనను, కొనుటకు అప్పు పుట్టని నేతగాని ఇంటికి అది చేరదు. నూలు, ఋణము, అంగడి, ఈ మూడును అందిననాడే క్రొత్త పరికరము పేదవానిదగును.

2019–20 గణన ప్రకారము దేశములో 35 లక్షలకు పైగా చేనేత కార్మికులున్నారు. నేతపనివారిలో నూటికి 70 మందికి మించి స్త్రీలే. వీరి ఇంట దీపము వెలుగనిదే దేశము అభివృద్ధి చెందినదనుట పొసగదు. అందరికిని భాగము దక్కని సంపద దాసోహములేని భాండారమువంటిది.

కావున యంత్రమును గ్రుడ్డిగా ద్వేషింపరాదు, గ్రుడ్డిగా పూజింపరాదు. అది శ్రామికుని చేతి కిందనుండవలెనే గాని, అతని చేతిని త్రోసివేయరాదు. మఠములును, గృహస్థులును ఉత్సవములకు, వివాహములకు వస్త్రములు కొనునపుడు చేనేత ముద్రను చూచి, న్యాయమైన వెల చెల్లించుటయు దాసోహమే.

మననమునకు:
1. ఆసుయంత్రమునకును మరమగ్గమునకును శ్రామికుని దృష్టిలో భేదమేమి?
2. చట్టము మాత్రమే నేతగానిని రక్షింపజాలదనుటకు కారణమేమి?
3. మీ ఊరి వృత్తులలో ఏ శ్రమను యంత్రము తగ్గింపదగును? ఏ నైపుణ్యమును మనుష్యునికే విడువవలెను?