మా అమ్మాయి లా చదువుతానంది! (లా స్కూలు ప్రవేశాలపై ఒక చిన్న పాఠం)

నాలుగేళ్ళ క్రితం ఒక ఆదివారం భోజనాల దగ్గర మా అమ్మాయి, "నాన్నా, నేను లా స్కూలుకి అప్లై చేద్దామనుకుంటున్నా" అంది. నాకు వెంటనే మాట రాలేదు. ఇండియాకి ఫోన్ చేసి చెబితే మా అమ్మ, "ప్లీడరా? మన ఇంటావంటా లేదే!" అంది. నిజమే. మెడికల్ స్కూలు గురించి అడగడానికి మన బడిలో పదిమంది ఉన్నారు. లా స్కూలు గురించి అడుగుదామంటే ఒక్కరూ కనిపించలేదు. తడుముకుంటూ నేర్చుకున్న నాలుగు విషయాలు మన తల్లిదండ్రులకీ, పెద్ద తరగతుల పిల్లలకీ పనికొస్తాయని ఈ వ్యాసం.

అక్కడికీ ఇక్కడికీ తేడా

మన ఊళ్ళో లా చదవాలంటే ఇంటర్ తరువాత ఐదేళ్ళ కోర్సు, లేదా డిగ్రీ తరువాత మూడేళ్ళ కోర్సు. లాసెట్ రాస్తే ర్యాంకు వస్తుంది, ర్యాంకుని బట్టి సీటు. అమెరికాలో ముందు నాలుగేళ్ళ బ్యాచిలర్స్, ఆ తరువాత మూడేళ్ళ జె.డి. డిగ్రీ. బ్యాచిలర్స్ ఏ సబ్జెక్టులోనైనా చేయవచ్చు. చరిత్ర, సంగీతం, కంప్యూటర్ సైన్సు, ఏదైనా సరే. అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న లా స్కూళ్ళు సుమారు 200 ఉన్నాయి. నేను ఎంసెట్ కాలం మనిషిని. "నీ ర్యాంకు ఎంత రావాలి?" అని మొదటిరోజే అడిగాను. "ఇక్కడ ర్యాంకు ఉండదు నాన్నా, మొత్తం ఫైలు చూస్తారు" అంది.

మొత్తం ఫైలు చూస్తారు, కానీ అందులో రెండు అంకెలు చాలా బరువైనవి.

మొదటి అంకె: జి.పి.ఏ.

దరఖాస్తులన్నీ ఎల్‌శాక్ అనే సంస్థ ద్వారా వెళ్తాయి. పిల్లలు చదివిన ప్రతి కాలేజీ నుంచి ట్రాన్‌స్క్రిప్టు తెప్పించుకుని, ఆ సంస్థ తన పద్ధతిలో జి.పి.ఏ. మళ్ళీ లెక్కకడుతుంది. నా పొరపాటు ఇక్కడే బయటపడింది. అమ్మాయి హైస్కూల్లో ఉండగా, "వేసవి ఖాళీగా ఎందుకు?" అని పక్క ఊరి కమ్యూనిటీ కాలేజీలో క్యాల్కులస్ చేర్పించాను. సి గ్రేడు వచ్చింది. అందరం మరచిపోయాం. కానీ బ్యాచిలర్స్ డిగ్రీ చేతికి రాకముందు చదివిన కాలేజీ కోర్సులన్నీ, హైస్కూల్లో ఉండగా చదివినవి కూడా, లెక్కలోకి వస్తాయి!

లెక్క చూడండి. కాలేజీలో 120 క్రెడిట్లకి 3.74. దానికి 4 క్రెడిట్ల సి కలిపితే 3.68. అమ్మాయి ఆశపడిన స్కూలు మీడియన్ 3.70. ఒక్క వేసవి తొందరతో దాన్ని మీడియన్ కిందకి నెట్టినవాణ్ణి నేనే. అది ఒక్క మాట కూడా అనలేదు. అందుకే నాకు ఇంకా ఎక్కువ బాధ వేసింది.

కాబట్టి తల్లిదండ్రులారా, డ్యుయల్ క్రెడిట్ కోర్సు మంచిదే, కానీ దాన్ని ఆటగా తీసుకోకండి. మళ్ళీ చదివి ఏ తెచ్చుకున్నా, పాత గ్రేడు ట్రాన్‌స్క్రిప్టులో కనిపిస్తే సాధారణంగా రెండూ లెక్కలోకే వస్తాయి.

రెండవ అంకె: ఎల్‌శాట్

మార్కులు 120 నుంచి 180 వరకు. 2024 ఆగస్టు నుంచి లాజిక్ గేమ్స్ తీసివేశారు. ఇప్పుడు లెక్కలోకి వచ్చేవి రెండు తార్కిక విభాగాలు, ఒక పఠన విభాగం. లెక్కలోకి రాని ప్రయోగాత్మక విభాగం మరొకటి. ఒక్కొక్కటి 35 నిమిషాలు. వ్యాసం వేరుగా రాయాలి. ఇందులో చట్టం గురించి ప్రశ్నలు ఉండవు. వాదనలో లొసుగు పట్టుకోవడమే పరీక్ష.

ఇది మనకి కొత్త కాదు! అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఉన్నదే. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, సరే. మరి నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే తడి కట్టె కూడా ఉండాలి. "అ ఉంటే ఆ ఉంటుంది" అన్నంత మాత్రాన "ఆ ఉంటే అ ఉంటుంది" కాదు. ఎల్‌శాట్‌లో ఈ లొసుగు వేషం మార్చుకుని మళ్ళీ మళ్ళీ వస్తుంది.

మా అమ్మాయికి మొదటిసారి 161 వచ్చింది. నాలుగు నెలలు పాత పేపర్లు గడియారం పెట్టుకుని చేసి, తప్పు పోయిన ప్రతి ప్రశ్నకీ కారణం నోట్సులో రాసుకుంది. రెండోసారి 167. స్కూళ్ళు ఎక్కువగా పెద్ద మార్కునే పట్టించుకుంటాయి. జీవితం మొత్తం మీద 7 సార్లకు మించి రాయనివ్వరు. కొన్ని స్కూళ్ళు ఎల్‌శాట్ బదులు జి.ఆర్.ఇ. కూడా తీసుకుంటాయి.

ప్రతి స్కూలూ తన విద్యార్థుల జి.పి.ఏ., ఎల్‌శాట్ మీడియన్లని ఏటా "509 రిపోర్టు"లో ప్రకటించి తీరాలి. మీడియన్ అంటే సగంమంది పైన, సగంమంది కింద. ఒక అంకె మీడియన్ కింద ఉన్నా, రెండోది పైన ఉంటే ఆశ ఉన్నట్టే.

మిగతా కాగితాలు

వ్యక్తిగత వ్యాసం సాధారణంగా రెండు పేజీలు. మా అమ్మాయి మొదట రాసింది "న్యాయం గొప్పది" అన్న ఉపన్యాసం. చివరికి పంపింది, మా అమ్మగారి వీసా ఉత్తరాన్ని పన్నెండేళ్ళప్పుడు ఇంగ్లీషులో చదివి ఆవిడకి తెలుగులో వివరించిన సంగతి. రెండోది చదివితే మనిషి కనబడింది. సిఫారసు ఉత్తరాలు రెండు చాలు. పేరున్న పెద్దమనిషి కన్నా, పిల్లని క్లాసులో చూసిన ప్రొఫెసర్ నయం.

కాలేజీలో క్రమశిక్షణ చర్య, పోలీసు కేసు వంటివి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. తరువాత బార్ లైసెన్సు సమయంలో మళ్ళీ తవ్వుతారు. అసలు తప్పు కన్నా దాచిన తప్పే ఎక్కువ చేటు.

ఎప్పుడు, ఎంత

దరఖాస్తులు సాధారణంగా సెప్టెంబరులో మొదలవుతాయి. వచ్చినవి వచ్చినట్టు పరిశీలిస్తారు కనుక నవంబరులోపు పంపడం మేలు. "ఎర్లీ డెసిషన్" అంటే సీటు ఇస్తే చేరి తీరాలి. స్కాలర్‌షిప్పు బేరం పోతుంది, జాగ్రత్త.

అప్పు మాట కూడా చెప్పుకోవాలి. 2025 చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తవారికి గ్రాడ్ ప్లస్ ఫెడరల్ రుణం లేదు. లా విద్యార్థికి ఫెడరల్ రుణం ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2,00,000 డాలర్ల వరకే. స్కాలర్‌షిప్పు ఇస్తే, అది మొదటి ఏడాది గ్రేడ్ల మీద ఆధారపడి ఉందా అని తప్పక అడగండి.

మా అమ్మాయి ఆశపడిన స్కూలు వెయిట్‌లిస్టులో పెట్టి, చివరికి కాదంది. మరో స్కూలు సగం ఫీజు మాఫీతో రమ్మంది. ఇప్పుడు రెండో ఏడాది. మొన్న మా అమ్మ ఫోన్‌లో, "ప్లీడరు గారు ఉన్నారా?" అని అడిగింది!

అభ్యాసం (పిల్లలకి)

"పద్యాల పోటీలో గెలిచినవారందరూ ఇంట్లో తెలుగు మాట్లాడతారు. రవి ఇంట్లో తెలుగు మాట్లాడతాడు. కాబట్టి రవి పోటీలో గెలిచాడు." ఈ వాదనలో లొసుగు ఎక్కడుంది? ఇనుప గుండుని గుర్తు తెచ్చుకుని, అమ్మానాన్నలకి తెలుగులో వివరించండి.

కొత్త మాటలు: వాది, ప్రతివాది, సాక్ష్యం, లొసుగు, తీర్పు.