చిల్లర సామానుకు రెండు పెట్టెలు

గొర్రులు తయారుచేయు మీ కార్ఖానాలో బోల్టు వెల స్వల్పమే. కాని అది లేక పని నిలిచి, విత్తుటకు అదను తప్పిన పిమ్మట గొర్రు రైతుకు అందిన లాభమేమి? అట్లని ప్రతి బోల్టుకు పద్దు వ్రాయించినచో గుమాస్తా జీతమే బోల్టుల వెలను మించును.

రెండు పెట్టెలుంచవలెను. మొదటిది ఖాళీ అయిన దినముననే సరుకు పురమాయించి, రెండవదానిని వాడవలెను. అందులో ఎన్ని ఉండవలెను? వారమునకు 600 ఖర్చయి, సరుకు వచ్చుటకు 2 వారములు పట్టినచో 1,200. జాప్యమునకు మరి 300. వచ్చిన బోల్టులను లెక్కింపనక్కరలేదు. 100 బోల్టుల తూకమును బట్టి మొత్తము తెలియును. మిగిలిన పాతవి మొదటి పెట్టెలో పోసి, క్రొత్తవానితో ముందు రెండవదానిని 1,500కు నింపవలెను. పాతవి తుప్పుపట్టకమునుపే చెల్లిపోవును.

బేరింగులవంటి ప్రియమైన సామానుకు మాత్రము పద్దు తప్పదు.